కొత్త పుస్తకాలలో మన వాటా

(హంసలదీవిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాకు అప్పగించిన అంశం చూడటానికి చిన్నది. ఊరి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు రావడం గురించి మాట్లాడమన్నారు. వక్ఫ్ ఆస్తుల సమస్య ఉండగా, ఉపకార వేతనాల సమస్య ఉండగా, భద్రత గురించిన ఆందోళన ఉండగా, పుస్తకాల గురించి ఇంతమంది పనులు మానుకొని కూర్చోవాలా అని కొందరికి అనిపించవచ్చు. కూర్చోవాలనే మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఈ నేల అందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాం.

మనం ఉన్న ఈ హంసలదీవి కృష్ణానది సముద్రాన్ని చేరే చోటు. పులిగడ్డ వద్ద నది రెండు పాయలై దివిసీమను దీవిగా చేసింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కాలువల వెంట దిగివచ్చి, పులిగడ్డ అక్విడెక్టు దాటి, ఇక్కడి పొలాలకు చేరుతుంది. ఎగువన అందరి చేలూ తడిసిన తరువాత చిట్టచివర తడిసేవి మన చేలు. అందుకే వీటిని శివారు భూములు అంటాం. శివారు రైతుకు రెండు సంగతులు ఎవరూ నేర్పనక్కరలేదు. నీటితీరువా అందరితో సమానంగా కట్టినా నీరు అందరితో సమానంగా రాదనీ, కాలువ గట్టు మీద నిలబడి అడిగితేనే వస్తుందనీ అతనికి తెలుసు. మంచినీరు రాని కాలువ ఖాళీగా ఉండదనీ, సముద్రపు పోటుకు ఉప్పునీరు ఎగదన్ని పొలాన్ని చౌడు చేస్తుందనీ కూడా తెలుసు.

పుస్తకాల విషయంలోనూ మనం శివారు జనమే. గ్రంథాలయాల కోసం పన్ను అందరితో పాటు కడుతున్నాం. కొత్త పుస్తకం మాత్రం మన దాకా ఆలస్యంగా వస్తున్నది, కొన్నిసార్లు రావడమే లేదు. మంచి పుస్తకం రాని ఇంట్లోకి ఏమి ఎగదన్నుతున్నదో మీ చేతుల్లోని ఫోన్లే చెబుతాయి. మన గురించి పొరుగువారికి, పొరుగువారి గురించి మనకు ఎవరో రాసి పంపిన అబద్ధాలు రోజూ చేరుతున్నాయి. పదేళ్ళ పాటు ఒకే వీధిలో ఉన్న కుటుంబాల మధ్య అనుమానం పుట్టడానికి పది నిమిషాల వీడియో ఒకటి చాలుతున్నది. దానికి జవాబుగా మనం ఎన్ని వీడియోలు పంపినా ఆ చౌడు కడుక్కుపోదు. మంచినీటి కాలువను మన ఊరి దాకా తెచ్చుకోవాలి.

పుస్తకం ఎవరి డబ్బుతో వస్తుంది?

గ్రంథాలయానికి వచ్చే పుస్తకం ఎవరి దానమూ కాదు. స్వతంత్ర భారతదేశంలో తొలి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. అప్పటికి మన కృష్ణా జిల్లా ఆ రాష్ట్రంలోనిదే. ఆ తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఈ చట్టం కింద ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. ఆ సెస్సు రూపాయికి 8 పైసలు. అంటే 1,000 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం గ్రంథాలయం కోసం మరో 80 రూపాయలు కడుతున్నది. ఇంటికి వెళ్ళాక పన్ను రసీదు తీసి చూడండి. బందరు ఇనగుదురుపేటలో చిన్న ఇల్లున్న ఖాలాజాన్ కట్టింది. అవనిగడ్డలో పరుపులు కుట్టే నూర్‌బాషా సోదరుడు కట్టాడు. గుడివాడలో సైకిలు దుకాణం నడిపే చాచా కట్టాడు. నాగాయలంకలో చేపల వ్యాపారం చేసే కుటుంబం కట్టింది. వీరిలో ఎంతమంది పిల్లలు ఆ గ్రంథాలయం గడప తొక్కారన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల ఆ జమ సకాలంలో జరగదు, బకాయిలు పేరుకుపోతాయి. ఇది రాష్ట్రమంతటా గ్రంథాలయోద్యమకారులు ఏళ్ళ తరబడి చెబుతున్న మాట. సెస్సు జమకాకపోతే కొత్త పుస్తకాల కొనుగోలు ఆగుతుంది, పత్రికల బిల్లులు నిలిచిపోతాయి, ఖాళీ అయిన గ్రంథపాలకుని పోస్టు ఖాళీగానే ఉంటుంది. సెస్సు కాక మరో దారి కూడా ఉన్నది. 1972లో కేంద్ర ప్రభుత్వం కలకత్తాలో రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌ను స్థాపించింది. రాష్ట్ర ప్రభుత్వం తన వాటా వేస్తే దానికి తన వాటా జతచేసి ఆ సంస్థ పౌర గ్రంథాలయాలకు పుస్తకాలు సమకూరుస్తుంది. ఈ రెండు దారులలో వచ్చే ప్రతి పుస్తకం వెనుకా ప్రజాధనమే ఉన్నది. ఆ ధనంలో మన పైసలు కూడా ఉన్నాయి.

పుస్తకాల కట్ట గ్రంథాలయానికి చేరిన తరువాత జరిగే పని కూడా తెలుసుకుందాం. గ్రంథపాలకులు కట్ట విప్పి, జాబితాతో సరిచూసి, ప్రతి పుస్తకానికి రిజిస్టరులో ఒక నంబరు వేస్తారు. గ్రంథాలయ ముద్ర వేస్తారు. విషయాన్ని బట్టి వర్గ సంఖ్య రాస్తారు. వెనుక అట్ట లోపల తేదీలు వేసే చీటీ అతికిస్తారు. ఆ రోజు నుంచి ఆ పుస్తకం ఊరిది. ఆ చీటీ మీద ఎన్ని తేదీలు పడ్డాయో చూస్తే ఆ పుస్తకం ఎంతమంది ఇళ్ళకు వెళ్ళివచ్చిందో తెలిసిపోతుంది.

బీరువాలో ఏమున్నది, ఏమి లేదు?

ఇటీవల మా మిత్రబృందం డెల్టాలోని ఒక శాఖా గ్రంథాలయంలో కొత్తగా వచ్చిన పుస్తకాలను ఒక పూట కూర్చుని చూసింది. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడి గ్రంథపాలకులు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి అన్నీ తీసి చూపించారు. పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయి. నవలలు, వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, భక్తి గ్రంథాలు, పిల్లల బొమ్మల కథలు ఉన్నాయి. మంచి పుస్తకాలే చాలా ఉన్నాయి. తెలుగులో ముస్లింలు రాసిన పుస్తకం కోసం వెదికితే ఆ కొత్త కట్టలో ఒక్కటీ దొరకలేదు. ఉర్దూ పుస్తకం అసలే లేదు. తరువాత చదివేవారి రిజిస్టరు తిరగేశాం. ఆ ఊరిలో మన ఇళ్ళు వందకు పైగా ఉన్నా, మన పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపించాయి. ఆడపిల్లల పేర్లు అంతకంటే తక్కువ.

ఈ రెండు లోటులనూ కలిపి చూడాలి. చదివేవారు రాకపోతే వారికి కావలసిన పుస్తకం తెప్పించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. తమ బతుకు కనిపించే పుస్తకం ఒక్కటీ లేని చోటికి చదివేవారు రారు. ఈ ముడిని రెండు కొసల నుంచీ విప్పాలి. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలను ప్రకటించారు. ప్రతి పాఠకునికీ అతనికి తగిన పుస్తకం అందాలనీ, ప్రతి పుస్తకానికీ దానికి తగిన పాఠకుడు దొరకాలనీ వాటిలోని రెండు సూత్రాల సారాంశం. మనం అడుగుతున్నది ఈ రెండు సూత్రాల అమలునే.

ఇక్కడ సచార్ కమిటీ నివేదికను గుర్తుచేసుకోవాలి. 2006లో వచ్చిన ఆ నివేదిక 2001 జనగణన ఆధారంగా దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమనీ, దేశ సగటు 65.1 శాతమనీ చూపింది. మన రాష్ట్రంలో పరిస్థితి భిన్నం. అదే జనగణనలో ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటుకు తగ్గలేదు. అంటే ఇక్కడ మనకు అక్షరం వచ్చింది. అక్షరం వచ్చిన పిల్లవాడు కళాశాల దాకా వెళ్ళకుండా మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నాడన్నదే మన ప్రశ్న. దేశంలోని పేరున్న కళాశాలల్లో 25 మంది డిగ్రీ విద్యార్థుల్లో ఒక్కరు, 50 మంది పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థుల్లో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ కమిటీ తేల్చింది. ఐదో తరగతికీ డిగ్రీకీ నడుమ పిల్లల్ని నిలబెట్టేవి చాలా ఉన్నాయి. ఇంట్లో పుస్తకాల అర లేని పిల్లవాడికి ఊరి గ్రంథాలయం వాటిలో ముఖ్యమైనది. ట్యూషన్ ఫీజు కట్టలేని తండ్రి గ్రంథాలయ సభ్యత్వపు ధరావతు కట్టగలడు.

మన అవనిగడ్డనే చూడండి. ఉపాధ్యాయ ఉద్యోగాల డీఎస్సీ శిక్షణకు రాష్ట్రం నలుమూలల నుంచి యువకులు అక్కడికి వచ్చి గదులు అద్దెకు తీసుకొని చదువుతారు. 2007 చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకుల, నూర్‌బాషా వర్గాలు అంతకుముందు నుంచే బీసీ-బీలో ఉన్నాయి. రిజర్వేషన్ తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్ళాలంటే పరీక్ష రాయాలి, పరీక్షకు పుస్తకం కావాలి. బయటి జిల్లాల వారు వచ్చి చదువుకొనే గడ్డ మీద పుట్టిన మన పిల్లలు, పుస్తకం కొనలేక పోటీ నుంచి తప్పుకోవడం మనం ఒప్పుకోదగిన సంగతి కాదు.

ఏ పుస్తకాలు అడగాలి?

అడగాలంటే ఏమి అడగాలో తెలిసి ఉండాలి. ముస్లిం పుస్తకాలు పెట్టండి అంటే ఏ అధికారికీ ఏమీ అర్థం కాదు. పుస్తకం పేరు, రచయిత పేరు, వీలైతే ప్రచురణకర్త పేరు రాసి ఇవ్వాలి.

మొదట, మన బతుకును తెలుగులో రాసిన పుస్తకాలు. ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చి తెలుగు సాహిత్యంలో ముస్లిం గొంతుకు చోటు కల్పించింది. స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ కవితా సంకలనం, ‘వతన్’ కథల సంకలనం వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ కావలి వీధుల్లోని ముస్లిం బాల్యాన్ని తెలుగువారందరి ఇళ్ళలోకి తీసుకువెళ్ళాయి. షాజహానా ‘నఖాబ్’ మన ఆడవారి గొంతు. వేంపల్లె షరీఫ్ కథల పుస్తకం ‘జుమ్మా’కు సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్ర గురించి సయ్యద్ నశీర్ అహమ్మద్ ఎన్నో గ్రంథాలు రాశారు. తెలుగులో రాసిన ముస్లిం కవుల, రచయితల వివరాలను ఆయన ‘అక్షరశిల్పులు’ అన్న పుస్తకంలో ఒక్కచోట చేర్చారు. ఆ ఒక్క పుస్తకం గ్రంథాలయంలో ఉంటే చాలు, తరువాత ఏయే పుస్తకాలు అడగాలో దానిలోనే దొరుకుతుంది.

రెండవది, ఈ నేల చరిత్ర. గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మన మచిలీపట్నం. బందరు అద్దకం బట్టలు ఇక్కడి నుంచి ఓడలెక్కి పారశీక దేశానికి వెళ్ళాయి. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెనుగు కావ్యంగా పేరొందిన పొన్నెగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్ర’ అంకితం పొందినవాడు అమీన్ ఖాన్. మన పొరుగునే ఉన్న కూచిపూడిని అక్కడి భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినవాడు గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా అని ఆ సంప్రదాయమే చెప్పుకొంటుంది. మనం ఈ భాషకు నిన్న మొన్న వచ్చిన అతిథులం కామని వాదించి ఒప్పించనక్కరలేదు. ఈ చరిత్ర చెప్పే పుస్తకం బీరువాలో ఉంటే పదో తరగతి చదివే ఏ పిల్లవాడైనా, ఏ మతంవాడైనా, తానే చదివి తెలుసుకుంటాడు.

మూడవది, ఉర్దూ. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటా ద్వితీయ అధికార భాషగా గుర్తించింది. అధికార భాషకు గ్రంథాలయంలో ఒక అర ఉండాలని అడగడం న్యాయమైన కోరిక. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు లిపి నేర్చుకొనే పుస్తకాలు, ఉర్దూ-తెలుగు నిఘంటువులు, కథల పుస్తకాలు కావాలి. తెలుగు మాత్రమే మాట్లాడే మన కుటుంబాలు కూడా డెల్టాలో చాలా ఉన్నాయి. వారికి ధర్మాన్ని గురించి ప్రామాణికమైన తెలుగు గ్రంథాలు కావాలి. ఖుర్ఆన్‌కు తొలితరం తెలుగు అనువాదం చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ముస్లిం కారు, పండితులు. పొరుగువాని గ్రంథాన్ని ఇంత శ్రమపడి తెలుగు చేసిన పండితుడు పుట్టిన జాతి ఇది. ఆ సంగతి కూడా మన పిల్లలకు తెలియాలి.

నాలుగవది, మన పేరు లేని పుస్తకాలు. ఇది గట్టిగా చెప్పవలసిన మాట. మన వాటా అంటే మన గురించి రాసిన పుస్తకాలు మాత్రమే అని అనుకోకూడదు. భారత రాజ్యాంగం తెలుగు ప్రతి, అంబేడ్కర్ రచనలు, సమాచార హక్కు గురించి, కార్మిక చట్టాల గురించి తేలిక తెలుగులో రాసిన పుస్తకాలు, విజ్ఞానశాస్త్రం, వ్యవసాయం, రొయ్యల చెరువుల యాజమాన్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చరిత్ర, ఇవన్నీ మనవే. ఆ ఉప్పెన దివిసీమలో మతం అడిగి రాలేదు. వేలాదిమందిని తీసుకుపోయిన ఆ రాత్రి గురించి తరువాతి తరం చదువుకోవడానికి ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకం ఉండాలని అడిగే పనిలో ముందు మనం నిలబడదాం.

ఎదురయ్యే మాటలు

ప్రభుత్వాన్ని అడుక్కోవడం ఎందుకు, మన మస్జిదు పక్కనే మన గ్రంథాలయం పెట్టుకోలేమా అని కొందరు మిత్రులు అంటున్నారు. పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. అయితే దానిని చూపించి పౌర గ్రంథాలయాన్ని వదులుకోవడానికి మేము ఒప్పుకోం. మన సొంత గదిలో పెట్టిన ‘వతన్’ను మనమే చదువుతాం. ఊరి గ్రంథాలయంలో ఉన్న ‘వతన్’ను పక్కింటి అబ్బాయి కూడా తీసుకువెళతాడు. మన గురించి పొరుగువారికి తెలియాలంటే మన పుస్తకం అందరి అరలోనే ఉండాలి.

మన పెద్దలు చూపిన దారి కూడా అదే. పాట్నాలో ముహమ్మద్ బఖ్ష్ అనే పెద్దమనిషి 1,400 చేతిరాత గ్రంథాలు కూడబెట్టి, వాటిని ప్రజలకు అందుబాటులోకి తెమ్మని కుమారునికి చెప్పి కన్నుమూశారు. కుమారుడు ఖుదా బఖ్ష్ ఆ నిధిని 4,000 గ్రంథాలకు పెంచి, 1891లో అందరికీ తెరిచారు. అదే 1891లో హైదరాబాదులో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో ఆసఫియా గ్రంథాలయం మొదలైంది. అదే నేడు తెలంగాణ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఈ రెండు చోట్లా తలుపు దగ్గర ఎవరూ మతం అడగరు.

ఫోన్ ఉండగా పుస్తకం ఎందుకని మరి కొందరు అంటారు. ఫోన్‌లో మంచి పుస్తకం చదివే పిల్లలుంటే సంతోషమే. అయితే ఫోన్‌లోకి ఏది వస్తుందో నిర్ణయించేవాడు మన ఊరివాడు కాడు. గ్రంథాలయ బీరువాలోకి ఏది రావాలో మనం అడగగలం, రాకపోతే ఎందుకు రాలేదని ప్రశ్నించగలం, దానికి చట్టం ఉన్నది.

ఆడపిల్లలను గ్రంథాలయానికి పంపడానికి సంకోచించే తల్లిదండ్రులున్నారు. వారి ఆందోళనను మేము తేలిక చేయం. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమం దీనికి ఒక జవాబు చూపింది. 1911లో బెజవాడలో రామమోహన ధర్మ పుస్తక భాండాగారం వెలసింది. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం కేంద్రంగా కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేని చోటికి పుస్తకమే పడవెక్కి వెళ్ళింది. ఈనాడు మనకు పడవ అక్కరలేదు. ఒక వీధిలో నలుగురు తల్లులు సభ్యత్వం తీసుకొని, వంతులవారీగా వెళ్ళి పుస్తకాలు తెచ్చి, మిగిలిన ఇళ్ళకు అందిస్తే చాలు. నాలుగు నెలలు గడిచేసరికి పిల్లలే మేము కూడా వస్తామని తల్లుల వెంట నడుస్తారు.

ఏమి చేయాలి?

తీర్మానాలు రాసుకొని ఇళ్ళకు వెళ్ళిపోయే సభగా ఇది ముగియకూడదు. అందుకని ఐదు పనులు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది సభ్యత్వం. ప్రతి ఇంటి నుంచి ఒక్కరైనా దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో సభ్యులు కావాలి. మన గ్రంథాలయాలకు సాధారణంగా వారపు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. పిల్లలకు బడి లేని ఆ రోజునే వారిని తీసుకువెళ్ళండి.

రెండవది కోరిక పత్రం. మీ ఊరి యువకులు కూర్చుని 25 పుస్తకాల జాబితా తయారుచేయండి. పైన చెప్పిన నాలుగు రకాలూ అందులో ఉండాలి. ఊరిలోని ఇతర సమాజాల పాఠకులను, ఉపాధ్యాయులను కూడా అడిగి వారి సంతకాలు కూడా తీసుకోండి. ఒక ప్రతి గ్రంథపాలకునికి, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. గ్రంథపాలకులను మన ప్రత్యర్థులుగా చూడవద్దు. చదివేవారు పెరిగితే ముందు బలపడేది వారి చేయి.

మూడవది లెక్క అడగడం. మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ గత మూడేళ్ళలో ఎంత గ్రంథాలయ సెస్సు వసూలు చేసింది, ఎంత జమ చేసింది, ఎంత బకాయి ఉన్నది, ఆ కాలంలో మీ గ్రంథాలయానికి ఏయే పుస్తకాలు వచ్చాయి, వాటిలో ఉర్దూ పుస్తకాలు ఎన్ని? 2005 సమాచార హక్కు చట్టం కింద ఈ ప్రశ్నలు రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు కాగితం చేతిలో ఉన్నప్పుడే గ్రామసభలో మన మాటకు బరువుంటుంది.

నాలుగవది దానం. మరణించిన తరువాత కూడా మనిషికి పుణ్యం చేరుస్తూ ఉండే కార్యాలలో ప్రయోజనకరమైన జ్ఞానం ఒకటని మన ప్రవక్త (స) బోధించారు. పెద్దల పేరు మీద ఒక మంచి పుస్తకం గ్రంథాలయానికి ఇవ్వడాన్ని సదఖయె జారియాగా భావించండి. ఈద్‌కు బట్టలు కొన్నట్లే ప్రతి కుటుంబం ఒక పుస్తకం కొని ఊరి గ్రంథాలయానికి ఇచ్చే ఆనవాయితీ పెట్టుకోవచ్చు. అయితే పన్నుతో కొనవలసిన పుస్తకానికి మన దానం బదులు కాకూడదు. దానమూ ఇద్దాం, సెస్సు లెక్కా అడుగుదాం.

ఐదవది, అన్నిటికంటే కష్టమైనది, చదవడం. అడిగి తెప్పించిన పుస్తకం చీటీ మీద ఒక్క తేదీ పడకపోతే వచ్చే ఏడాది మన జాబితాను ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోకపోయినా అడిగే ముఖం మనకు ఉండదు. మనకు అవతరించిన దైవవాణిలో మొదటి ఆజ్ఞ ‘ఇఖ్రా’, చదువు అన్నది. ఆ మాటను గోడల మీద అందంగా రాయించుకుంటున్నాం, సభల్లో తరచుగా వింటున్నాం. దానిని ఆచరించడానికి ఊరి నడుమ ప్రభుత్వం కట్టిన గది ఒకటి ఉన్నది. ఆ గదికి అద్దె మనం ఇంటిపన్నులో ముందే కట్టేశాం.

ఇక్కడున్న పిల్లలకు ఒక్క మాట. మీలో కొందరు రాయాలనుకుంటున్నారు. దివిసీమ ముస్లింల జీవితం గురించి, ఈ వలల గురించి, ఈ చౌడు నేల గురించి, ఉప్పెనలో కొట్టుకుపోయిన తాతముత్తాతల గురించి రాయవలసింది చాలా మిగిలే ఉన్నది. ఏదో ఒక సంవత్సరం గ్రంథాలయానికి వచ్చే కొత్త పుస్తకాల కట్టలో మీరు రాసిన పుస్తకం కూడా ఉండాలి. దానికి ముందు అక్కడున్న పుస్తకాలు చదవాలి.

శివారు రైతు నీరు రాలేదని ఇంట్లో కూర్చుని బాధపడడు. పార భుజాన వేసుకొని కాలువ వెంట ఎగువకు నడిచి, ఎక్కడ ఆగిందో చూసి, అడిగి, తన వంతు నీరు తన చేనికి పెట్టుకుంటాడు. ఆదివారం ఉదయం గ్రంథాలయం తలుపు తెరిచే వేళకు మనం చేయవలసిన ప్రయాణం కూడా అటువంటిదే. పిల్లల చేయి పట్టుకొని బయలుదేరండి.

అల్లాహ్ మన ప్రయత్నాలను సఫలం చేయుగాక. వస్సలాం.